ఇరవై ఒక్క బైట్ల నస్పూర్

"అన్నా, పేర్లన్నీ ప్రశ్న గుర్తులే కొడుతున్నయ్. వాన ఆగుతలేదు. జెర జల్ది చూడు."

2022 జూలై 14 పొద్దున. ఫోన్ చేసిన తమ్ముడు మంచిర్యాలలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. సొంత తమ్ముడు కాదు, పరిచయంలో వరస కలిసినవాడు. ముందురోజు రాత్రి నుంచి మా జిల్లాలో ఎవరి కంటికీ కునుకు లేదు. పైన కడెం ప్రాజెక్టుకు వదలగలిగిన దానికంటే ఎక్కువ నీళ్లు వచ్చిపడుతుంటే కట్ట ఉంటుందా పోతుందా అని టీవీ ముందు కూర్చున్నాం. కట్ట నిలిచింది. కానీ ఆ నీళ్లన్నీ చేరాల్సింది గోదావరిలోకే. గోదావరి నిండుగా పారుతుంటే మంచిర్యాల మధ్య నుంచి వచ్చే రాళ్లవాగుకు కలిసే చోటుండదు, అది వెనక్కి తన్నుతుంది. ఎన్టీఆర్ నగర్, రాంనగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. గోదావరి ఒడ్డు దగ్గరున్న మాతా శిశు ఆసుపత్రి నుంచి బాలింతలను, పసిపిల్లలను వేరే చోటికి తరలించారు.

తమ్ముడు అడిగింది వినడానికి చిన్న పని. నీళ్లొచ్చిన బస్తీల చుట్టూ ఏ బడి ఎక్కడుంది, ఏ ఫంక్షన్ హాలు ఎత్తుమీద ఉంది, వాటికి ఏ సందులోంచి పోవచ్చు, ఇదంతా ఒక మ్యాపు మీద తెలుగులో కావాలి. బయటి నుంచి వచ్చిన బృందాలకు ఊరు తెలియదు. తమ్ముడి ఆఫీసులో మ్యాపులు వేసే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో వేయడానికి సందుల డేటా లేదు. ఆ సందులన్నీ ఏళ్ల తరబడి మాలాంటి వాళ్లం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపులో గీసిపెట్టాం. దాన్ని ఆ సాఫ్ట్‌వేర్ చదివే షేప్‌ఫైల్‌గా మార్చి తెల్లవారుజామున పంపాను. చేరింది. తెరుచుకుంది కూడా. గీతలు వచ్చాయి, తెలుగు పేర్లు రాలేదు.

ఆ రోజు జరిగింది చెప్పాలంటే ముందు బాపు గురించి చెప్పాలి.

బాపు సింగరేణిలో సర్వే మజ్దూర్. శ్రీరాంపూర్ ఏరియాలోని ఆర్కే గనుల్లో చేశాడు. ఆర్కే అంటే రవీంద్రఖని, మా వాళ్ల నోట్లో మాత్రం అన్నీ 'బాయి'లే. బాయి లోపల సర్వే ఎట్లా చేస్తారో ఆయన చెబితే చిన్నప్పుడు నోరు తెరుచుకుని వినేవాణ్ని. పైకప్పు రాయిలో మేకు కొట్టి, దారం కట్టి, కింద గుండు వేలాడదీస్తారు. ఇవతల సర్వేయర్ థియోడొలైట్‌కు కన్ను ఆనిస్తే, అవతల చీకట్లో ఆ దారం వెనక దీపం పట్టుకుని నిలబడేది బాపు. దారం వెంట్రుకవాసి ఊగినా లెక్క తప్పుతుందని ఊపిరి బిగబట్టేవాడట. సర్వేయర్ కొలతలన్నీ ఫీల్డ్ బుక్కులో రాసుకునేవాడు. కొలతల పక్కన మాటలు కూడా ఉండేవి: ఇక్కడ నీళ్లు కారుతున్నాయి, ఇక్కడ పైకప్పు మెత్తగా ఉంది అని. పైకి వచ్చాక ఆఫీసులో ప్లాను గీసేటప్పుడు గీతలు, గుర్తులు మాత్రమే ప్లానుకెక్కేవి.

"ఫీల్డ్ బుక్కుల ఉన్నదంతా ప్లానులకు రాదు బిడ్డా. ప్లానుకు ఎంత కావాల్నో అంతే తీస్కుంటది" అనేవాడు.

నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుందని అప్పుడు తెలియదు.

హైదరాబాద్‌లో ఒక కంపెనీలో మ్యాపులు డిజిటైజ్ చేసే పనిలో చేరాను. 2015 డిసెంబర్‌లో చెన్నై మునిగినప్పుడు, మునిగిన వీధుల్ని జనమే గుర్తుపెట్టే మ్యాపు ఒకటి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా వచ్చింది. రాత్రి పని ముగిశాక దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎవరో తెలియనివాళ్లు ఒక్కో సందు మీద నొక్కుతున్నారు, అది రంగు మారుతోంది. అదే వేడిలో మా నస్పూర్ మీదికి జరిపి చూశాను. ఒక పెద్ద రోడ్డు, ఒక రైలు పట్టా, అంతే. మిగతాదంతా ఖాళీ. మా ఇల్లు లేదు, బడి లేదు, సీసీసీ కార్నర్ లేదు. మేం ఉన్నామనడానికి ఆనవాలే లేనట్టు అనిపించింది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను 2004లో ఇంగ్లండ్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టాడు. అప్పట్లో అక్కడ ప్రభుత్వ మ్యాపులకు డబ్బు కట్టాల్సి వచ్చేది, షరతులు ఒప్పుకోవాల్సి వచ్చేది. అవేమీ లేకుండా జనమే గీసుకునే మ్యాపు కావాలన్నది ఆయన పట్టుదల. ఎవరైనా గీయొచ్చు, దిద్దొచ్చు, మొత్తం డేటా ఉచితంగా దించుకోవచ్చు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని తిరిగాను. నస్పూర్ కాలనీ, సీతారాంపల్లి, సింగపూర్, తాళ్లపల్లి, తీగల్‌పహాడ్. బాపు రిటైరై క్వార్టర్ ఖాళీ చేసి నస్పూర్‌లో సొంత ఇల్లు కట్టుకున్నాడు, బండి మీద వెనక కూర్చుని నాతో వచ్చేవాడు. ఆయనకు దారులే కాదు, దారులు ఎందుకు వంకర తిరిగాయో కూడా తెలుసు. మా ప్రాంతంలో ఓపెన్‌కాస్టు వచ్చినచోట రోడ్డు పక్కకు జరుగుతుంది. మట్టి దిబ్బ పెరిగినచోట నిన్నటి బాట ఇవాళ ఉండదు. కాగితం మీద ఒకసారి అచ్చయిన మ్యాపు ఈ వేగాన్ని అందుకోలేదు. అక్కడే బతికేవాళ్లు మాత్రం అందుకోగలరు.

పేర్లకు నేను ఎక్కువ సమయం పెట్టాను. 'నేమ్' అనే టాగ్‌లో ఇంగ్లీషు పేరు, 'నేమ్:టీఈ' అనే టాగ్‌లో తెలుగు పేరు. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి పేరు పలకడం బయటివాళ్లకు ఎంత కష్టమో మాకు తెలుసు. అంబులెన్స్ డ్రైవరుకు ఊరిపేరు సరిగా పలికితేనే ఊళ్లో మనిషి దారి చెబుతాడు.

2020లో కరోనాతో పని ఇంటికొచ్చింది, నేనూ ఇంటికొచ్చాను. అందుకే 2022 వరద రోజున నస్పూర్‌లో ఉన్నాను.

ఇక ఆ ప్రశ్న గుర్తుల సంగతి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ బాపు చెప్పిన ఫీల్డ్ బుక్కు లాంటిది. ఒక బావి గీస్తే దానికి ఎన్ని మాటలైనా తగిలించొచ్చు: తాగేనీళ్లా, ఎండాకాలం ఎండుతుందా, ఊళ్లో ఏమంటారు. కాలమ్ అనే హద్దు లేదు. షేప్‌ఫైల్ ప్లాను లాంటిది. ఎస్రి కంపెనీ 1990ల మొదట్లో తెచ్చిన పద్ధతి, ఇప్పటికీ ఆఫీసుల్లో దాని రాజ్యమే. పేరులో ఒక ఫైలే కానీ నిజానికి అది ఒక కట్ట: గీతలు ఒకదాంట్లో, వాటి వరుస ఇంకోదాంట్లో, పేర్ల పట్టిక డీబీఎఫ్ అనే మూడోదాంట్లో. ఆ డీబీఎఫ్ ఇంకా పాతది, డీబేస్ కాలం నాటిది. కాలమ్ పేరు 10 అక్షరాలు దాటొద్దు. గడిలో రాత 254 బైట్లు దాటొద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8లో తెలుగుకు ఒక్కో సంకేతానికి మూడు. నస్పూర్ అనే మాట చూడండి: న, స, పొల్లు, ప, ఊ దీర్ఘం, ర, పొల్లు. ఏడు సంకేతాలు, 21 బైట్లు.

తెల్లవారుజామున తొందరలో నేను మార్చేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పడం మరిచాను. నేను వాడింది జీడాల్ అనే ఉచిత పనిముట్టు. ఏమీ చెప్పకపోతే అది డీబీఎఫ్‌ను పశ్చిమ యూరప్ అక్షరాల పట్టికలో రాస్తుంది. ఆ పట్టికలో తెలుగు లేదు. లేని అక్షరం చోట ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు పోయింది. అంటే పేర్లు దాక్కోలేదు, చెరిగిపోయాయి. అక్కడి నుంచి ఎవరూ వాటిని వెనక్కి తేలేరు.

మళ్లీ మార్చాను, ఈసారి యూటీఎఫ్-8 అని చెప్పి. మెయిల్ పోవట్లేదు, వాట్సాప్‌లో జిప్ చేసి పంపాను. పావుగంటకు మళ్లీ ఫోన్.

"అన్నా, ఇప్పుడు ప్రశ్న గుర్తులు పోయినయ్. ఏదో ఫ్రెంచి లెక్క ఉన్నది."

ఫొటో పంపమన్నాను. చూడగానే ప్రాణం లేచొచ్చింది. తలమీద గీత ఉన్న లాటిన్ అక్షరం, పక్కన డిగ్రీ గుర్తులాంటి చిన్న సున్నా, తర్వాత ఇంకేదో. మళ్లీ అదే లాటిన్ అక్షరం, మళ్లీ సున్నా. పొల్లు, దీర్ఘం వచ్చిన చోట సున్నాకు బదులు ప్లస్-మైనస్ గుర్తు. నస్పూర్ వరుసలో లెక్కపెట్టాను. సరిగ్గా ఏడుసార్లు ఆ లాటిన్ అక్షరం. మూడేసి బైట్ల తెలుగును ఆ కంప్యూటర్ ఒక్కో బైటుగా విడగొట్టి చదువుతోంది. 21 బైట్లూ భద్రంగా చేరాయి. పేరు చెరగలేదు, చదవడమే రావట్లేదు. ఈ రెంటికీ మధ్య తేడా ఎంతదో ఆ పొద్దున్నే నాకు పూర్తిగా అర్థమైంది.

"జిప్పుల నుంచి ఎన్ని ఫైళ్లు తీసినవ్?"

"మూడే అన్నా. ఎప్పుడైనా మూడే కదా."

సీపీజీ అనే చిన్న ఫైలు జిప్పులోనే ఉండిపోయింది. పట్టిక ఏ లిపి పద్ధతిలో ఉందో చెప్పేది అదే. మళ్లీ జిప్పు తెరవమంటే ఆలస్యమని అక్కడికక్కడే తయారుచేయించాను. "నోట్‌ప్యాడ్ తెరువు. యూ, టీ, ఎఫ్, అడ్డగీత, ఎనిమిది. ఇంకేం రాయకు. సేవ్ ఆజ్ కొట్టు. కింద ఆల్ ఫైల్స్ అని పెట్టు, లేకుంటే చివర టీఎక్స్‌టీ తగిలిస్తది. పేరు మిగతా మూడింటి పేరే, చుక్క, సీపీజీ." అవతల కీబోర్డు చప్పుడు వినబడుతోంది, దాని వెనక ఎవరో పడవల గురించి గట్టిగా మాట్లాడుతున్నారు. ఐదు అక్షరాల ఫైలు. లేయర్ తీసి మళ్లీ వేశాడు.

"వచ్చింది అన్నా. నస్పూర్. తెలుగుల వచ్చింది."

సంతోషపడేంత వ్యవధి లేదు. బడులు లెక్కపెట్టమన్నాను. మా కాలనీలో నాకు తెలిసిన బడులే అందులో సగం కనబడట్లేదు. జోసమ్ అనే ప్రోగ్రాములో నా చేత్తో నేను గీసినవి అవి. కారణం తెలుసుకోవడానికి కాసేపు పట్టింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక బడిని ఒకరు చుక్కగా పెడతారు, ఇంకొకరు ప్రహరీ మొత్తం గీస్తారు. రెండూ సరైనవే. షేప్‌ఫైల్ మాత్రం చుక్కలను, ఆకారాలను ఒకే ఫైల్లో ఉండనివ్వదు. పైగా జీడాల్ ఆకారాల పట్టికలో 'అమెనిటీ' అనే కాలమ్ ఇస్తుంది, చుక్కల పట్టికలో ఇవ్వదు. అక్కడ ఆ మాటను 'అదర్ టాగ్స్' అనే ఒక పొడుగాటి గడిలోకి మిగతా వాటితో కలిపి తోసేస్తుంది. ఆ గడి 254 బైట్ల దగ్గర తెగిపోతుంది. తమ్ముడు 'అమెనిటీ' స్కూల్ అని వెతికితే ఆకారాలే దొరికాయి. చుక్కగా ఉన్న బడి, ఎత్తుమీద గట్టి గదులున్న బడి, ఎక్కడో తెగిన గడిలో ఉండిపోయింది.

దీనికి మందు జీడాల్‌తో వచ్చే ఓఎస్ఎంకాన్ఫ్ అనే మామూలు రాత ఫైల్లో ఉంది. ఏ టాగ్‌కు కాలమ్ ఇవ్వాలో అందులో వరుసగా రాసి ఉంటుంది. చుక్కల భాగంలో 'అమెనిటీ' చేర్చాను. తెలుగు పేర్లకూ ఆ పొడుగాటి గడి కాకుండా సొంత కాలమ్ ఉండాలని చుక్కలు, గీతలు, ఆకారాలు, మూడు భాగాల్లోనూ 'నేమ్:టీఈ' చేర్చాను. ఆకారాలకు మధ్య బిందువు తీసి చుక్కలతో కలిపి ఒకే బడుల లేయర్ చేశాను. ఫంక్షన్ హాళ్లకూ అంతే.

ఆఖరికి గోదావరి. మ్యాపులో నది లేదు. నీళ్లొచ్చిందే నదితో, ఆ నదే లేదు. నేను మంచిర్యాల చుట్టూ చతురస్రం గీసి అంతమేరకే డేటా తీసుకున్నాను. పెద్ద నదిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ముక్కలుగా గీసి, ఆ ముక్కలన్నిటినీ ఒక సంబంధంగా కట్టి, ఇది ఒకే నది అని చెబుతారు. చతురస్రం ఒడ్డుల్ని మధ్యలో కోసేసింది, ముక్కలు కొన్ని బయట ఉండిపోయాయి, ఆకారం మూసుకోలేదు. మూసుకోని ఆకారాన్ని ప్రోగ్రాము వదిలేసింది. అదృష్టం కొద్దీ జర్మనీలోని జియోఫాబ్రిక్ వాళ్లు రోజూ ఇచ్చే దక్షిణ భారత ఫైలు, కొద్ది రోజుల కిందటిది, నా దగ్గర దించి ఉంది. దాన్ని మొత్తంగా మార్చి, ఆ తర్వాత కోశాను. నది వచ్చింది.

తమ్ముడు నది నుంచి 500 మీటర్ల హద్దు గీయబోతే స్క్రీనంతా ఒకే రంగైపోయింది. డేటా డిగ్రీల్లో ఉంది, 500 డిగ్రీలంటే భూమినే చుట్టేయాలి. మాకు 79, 80 రేఖాంశాల మధ్య పనిచేసేది యూటీఎం 44వ జోన్. అందులోకి మార్చి పంపాను.

వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌లో పట్టిక చక్కగా చదవగలిగినా, మ్యాపు మీద పేరు వేస్తే వత్తులు విడిపోయాయి. స కింద ఉండాల్సిన ప వత్తు పక్కన కూర్చుంది. అప్పటికి పదకొండు దాటింది. ఇక అక్కడ కుస్తీ వద్దని నా దగ్గరున్న క్యూజీఐఎస్ అనే ఉచిత ప్రోగ్రాములోనే మ్యాపు వేసి పీడీఎఫ్‌గా పంపాను. సహాయ కేంద్రాల జాబితా వాళ్ల దగ్గర అను ఫాంటులో టైపు చేసి ఉంది. యూనికోడ్ పేర్లతో అది కలవదు. తమ్ముడు ఫోన్‌లో చదువుతుంటే నేను ఒక్కొక్కటిగా మళ్లీ టైపు చేశాను. ఏ3 కాగితాలు జిరాక్స్ సెంటర్లో తీశారు. సాయంత్రం ఒకాయన ఆ కాగితం పట్టుకుని వేలితో సందు చూపిస్తున్న ఫొటో తమ్ముడు పంపాడు. ఆయన ఎవరో నాకు తెలియదు. వేలు ఉన్నచోట పేరు చదివాను, వత్తు సరిగ్గా కిందే ఉంది.

నీళ్లు తీశాక బురద కడుక్కోవడానికే జనానికి చాలా రోజులు పట్టింది. నేను మాత్రం ఒక నిర్ణయానికి వచ్చాను. మ్యాపులో ఊరు ఉండటం వేరు, ఆ ఊరు ఆఫీసు కంప్యూటర్లోకి నిండుగా చేరటం వేరు. మొదటిది చేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. రెండోది మా దగ్గర ఎవరో ఒకరు కూర్చుని చేయాలి. అప్పటి నుంచి ఏటా వానాకాలం ముందు ఒక కట్ట తయారుచేస్తున్నాను. జియోప్యాకేజ్ ఒకటి: 2014లో ప్రామాణికమైన పద్ధతి, ఒకే ఫైలు, లిపి గొడవ లేదు, 10 అక్షరాల హద్దు లేదు. దాన్ని తెరవలేని పాత కంప్యూటర్లకు షేప్‌ఫైల్ ఒకటి, సీపీజీతో సహా. పొట్టి కాలమ్ పేర్లకు తెలుగులో ఒక పేజీ వివరణ. రంగులు, గుర్తులు సిద్ధంగా ఉండే స్టైల్ ఫైలు. డీబీఎఫ్‌ను ఎక్సెల్‌లో తెరిచి వరుస మార్చొద్దని ఎర్ర అక్షరాల్లో ఒక మాట, ఎందుకంటే అట్లా మారిస్తే ఒక ఊరి పేరు ఇంకో ఊరి మీద కూర్చుంటుంది.

ఒక ఆఫీసులో ఈ కట్టను తీసుకోం అన్నారు. ప్రభుత్వ డేటా కాదు కదా, ఎవరు పూచీ అన్నారు. ప్రశ్న తప్పుకాదు. కేంద్రం 2021 ఫిబ్రవరిలో మ్యాపుల మీద నిబంధనలు సడలించిందని, పూచీకి జవాబు ఊరివాళ్లతో కూర్చుని సరిచూసుకోవటమేనని చెప్పాను. ఇంకోచోట తీసుకున్నారు, కానీ అచ్చులో కింద ఉండాల్సిన వరుస కోసేశారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్లు అనే ఆ చిన్న వరుస 2012 నుంచి ఉన్న లైసెన్సు అచ్చు మ్యాపుకు అడిగే ధర. అది నా పేరు కోసం కాదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పొద్దున తన వీధి గీసిన మనిషి కోసం. ఆ వరుస తిరిగి పెట్టించేదాకా నేను ఊరుకోలేదు, ఇకముందూ ఊరుకోను.

ఈ ఏళ్లలో మా ఊరి చిరునామాయే ఎన్నిసార్లో మారింది. ఆదిలాబాద్ జిల్లా అని రాసేవాళ్లం, 2016 అక్టోబర్ 11 నుంచి మంచిర్యాల జిల్లా. 2018లో నస్పూర్ మున్సిపాలిటీ అయింది. 2023 జూన్‌లో కలెక్టరేట్ కొత్త భవనం నస్పూర్‌లోనే తెరిచారు. 2025లో మున్సిపాలిటీ మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసింది. హద్దులు మార్చిన ప్రతిసారీ ఊరి చుక్కను మాత్రం కదపకుండా ఉంచాను.

మొన్న కట్ట సిద్ధం చేస్తుంటే బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు చూపు మందగించింది, స్క్రీన్ మీద పేర్లు పెద్దవి చేసి చూపించాలి. ఓపెన్‌కాస్టు మట్టి దిబ్బ దగ్గర ఆగమన్నాడు.

"ఇక్కడ ఒర్రె దాటే బాట ఉండె. మొదటి షిఫ్టుకు చీకట్లనే నడిచేటోళ్లం. దానికి పేరుండె గదా."

పేరు చెప్పాడు. ఇప్పుడు ఆ బాట లేదు, ఒర్రె లేదు, పైన దిబ్బ ఉంది. ఆ దిక్కునే ఇప్పటికీ ఆ పేరుతో పిలిచే ముసలివాళ్లు కొందరు ఉన్నారట. దిబ్బ పక్క రోడ్డుకు 'ఓల్డ్ నేమ్' అనే టాగ్‌లో ఆయన చెప్పినట్టే తెలుగులో రాశాను. అప్‌లోడ్ చేసి, డేటా మళ్లీ దించి, మార్చి, పట్టిక తెరిచి చూశాను. ఆ పేరు రాలేదు. ఓఎస్ఎంకాన్ఫ్ తెరిచాను. చుక్కలు, గీతలు, ఆకారాలు, మూడు చోట్లా 'ఓల్డ్ నేమ్' చేర్చి మళ్లీ నడిపించాను. బాపు ఇంకా పక్కనే ఉన్నాడు, స్క్రీన్‌కు దగ్గరగా వంగి.